పాత కారులో నిప్పురవ్వ

సాయంకాలము మధ్యతరంగములపై వార్తలు వినుచున్న వేళ ఇంటిముందు వీథిలో ఒక పాత కారో స్కూటరో పోయినప్పుడు రేడియోలో చిటపటమను ధ్వని వినవచ్చుట మీలో పెక్కురకు అనుభవమే. వాహనము దగ్గరకు వచ్చిన కొలదియు ఆ ధ్వని హెచ్చును. వేగము పెరిగినచో చిటపటలు దగ్గరపడి ఒక రొదగా మారును. వీథి మలుపు తిరిగిన వెనుక సన్నగిలి మాయమగును. రేడియో చెడినదని తలచి దానిని మరమ్మతు దుకాణమునకు మోసికొనిపోయిన గృహస్థులును లేకపోలేదు. నిజమునకు ఆ క్షణమున రేడియో తన ధర్మమును చక్కగా నెరవేర్చుచునే యున్నది. అది మరియొక ప్రసార కేంద్రమును కూడ పట్టి వినిపించుచున్నది. ఆ కేంద్రము కారు బానెట్ క్రింద ఉన్నది.

ఇది చమత్కారమునకు చెప్పిన మాట కాదు. 1880ల చివర హెర్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు విద్యుదయస్కాంత తరంగములను పుట్టించినది ఒక ప్రేరణ చుట్టతో, రెండు లోహపు గుండ్ల నడుమ దూకిన నిప్పురవ్వతో. 1894-96 సంవత్సరములలో కలకత్తాలో జగదీశచంద్ర బోసు చేసిన ప్రయోగములకును నిప్పురవ్వయే ఆధారము. 1901 డిసెంబరులో మార్కోని అట్లాంటిక్ సముద్రమును దాటించిన సంకేతమును పంపినదియు నిప్పురవ్వయే. అదే తరగతికి చెందిన ప్రేరణ చుట్టతో 1860లో ఫ్రాన్సులో లెన్వార్ తన వాయు ఇంజనును, 1886లో బెంజ్ తన మూడుచక్రముల కారును నడపిరి. అనగా రేడియోయు కారును ఒకే నిప్పురవ్వకు పుట్టిన తోబుట్టువులు. రేడియో త్వరలోనే పుట్టింటిని విడిచి వాల్వులకు, అటుపిమ్మట ట్రాన్సిస్టరులకు తరలిపోయినది. పెట్రోలు కారు మాత్రము ఆ రవ్వను నేటికిని విడువలేదు.

మన దేశపు రోడ్లపై ఇప్పటికిని కానవచ్చు పాత కార్లలో, అనగా 1957లో కలకత్తా దగ్గరి ఉత్తరపాడాలో మొదలై 2014లో నిలిచిపోయిన అంబాసిడరు, ఫియట్ 1100 వంశమునకు చెందిన ప్రీమియర్ పద్మిని, పాత పెట్రోలు జీపులు మొదలగువానిలో, ఆ రవ్వను పుట్టించు ఏర్పాటు చాలవరకు ఒక్కటియే. అమెరికాలో డేటన్ నగరమునకు చెందిన చార్లెస్ కెటరింగ్ రూపొందించగా 1910 నాటి కాడిలాక్ కారులో అది మొదట వాడుకలోనికి వచ్చినది. కెటరింగ్ పెట్టిన సంస్థ పేరులోని తొలి అక్షరములను కూర్చిన మాట ‘డెల్కో’. మన మెకానిక్కులు అనేకులు డిస్ట్రిబ్యూటరును నేటికిని డెల్కో అనియే పిలుతురు. ఏ కంపెనీ తయారుచేసినదైనను వారికది డెల్కోయే. ఒక మనిషి పని అతని పేరును దాటి నిలుచుట ఇట్టిదే.

1970లు మొదలుకొని ఎలక్ట్రానిక్ పద్ధతి ఈ ఏర్పాటును క్రమముగా తొలగించినది. నేటి యువ మెకానిక్కు కారు బానెట్ ఎత్తగానే కంప్యూటరు తగిలించు సాకెట్టు ఎక్కడున్నదని వెదకును. అది కానరానిచో తోచిన భాగమును మార్చును. తండ్రిగారి గుర్తుగానో, ముచ్చట పడియో పాత కారును ఉంచుకొన్నవారు తమ వాహనపు నాడిని తామే పట్టుకొనవలసిన రోజులు వచ్చినవి.

ఈ సంగతి నాకు తెలిసివచ్చిన తీరు చెప్పెదను. 2016 వర్షకాలములో మా మామగారికి విజయవాడలో కంటి శస్త్రచికిత్సకు ఉదయము తొమ్మిది గంటలకు సమయమిచ్చిరి. ఆయనకు తన పాత కారుమీద తప్ప వేరొక వాహనముపై నమ్మకము లేదు. తెల్లవారుజామున బయలుదేరితిమి. రాత్రి కురిసిన వానకు కంచికచర్ల సమీపమున రోడ్డు ప్రక్కగా నీరు నిలిచియున్నది. ఎదురు లారీ ఒకటి ఆ నీటిని మాపై చిమ్మినది. నాలుగు బారలు పోకముందే కారు దగ్గి నిలిచినది. సెల్ఫ్ కొట్టిన ఇంజను తిరుగునే గాని అంటుకొనదు. ఊరిలోనుండి వచ్చిన మెకానిక్కు పెట్రోలు రావడములేదని నిశ్చయించెను. నేనును తల ఊపితిని. అతడు పెట్రోలు పంపు విప్పెను, కార్బురేటరు విప్పెను, ఊదెను, మరల బిగించెను. మూడు గంటలు గడచినవి. చివరకు లారీ ఆపి టీ త్రాగుచున్న వృద్ధ డ్రైవరు ఒకడు, పూర్వము టాక్సీ నడిపినవాడట, వచ్చి చూచి, “బాబుగారూ, పెట్రోలు సంగతి తర్వాత. ముందు నిప్పు సంగతి చూశారా?” అని అడిగెను. డెల్కో మూత తీసి, తన తలగుడ్డ పొడి అంచుతో లోపలి చెమ్మను తుడిచి, తీగల కొసలను కూడ తుడిచి, మూత పెట్టెను. ఇంజను మొదటి తిప్పునకే అంటుకొన్నది. మేము ఆసుపత్రి చేరునప్పటికి ఆ దినపు శస్త్రచికిత్సలు ముగిసినవి. మామగారు మరి మూడు వారములు మసక కన్నుతో వేచియుండవలసి వచ్చినది. ఆయన నన్నేమియు అనలేదు. అనియున్నచో బాగుండునని నాకు తోచినది.

ఆ పిమ్మట నేను ఈ ఏర్పాటును ఓపికగా నేర్చుకొంటిని. చూడగా అది రేడియో యిష్టమున్న ఏ గృహస్థునకైనను అందుబాటులో ఉన్న విద్యయే.

బాటరీలోని విద్యుత్తు ఒత్తిడి 12 వోల్టులు మాత్రమే. ప్లగ్గు కొనల నడుమనున్న ఖాళీని దాటవలెనన్న వేల వోల్టులు కావలెను. ఈ పెంపును చేయునది కాయిలు. ఇనుప రేకుల కట్టపై లావుతీగతో కొన్ని వందల చుట్లు, వెంట్రుకవంటి సన్నతీగతో పదునైదు ఇరువది వేల చుట్లు అందులో ఉండును. తాళము తిప్పగానే విద్యుత్తు లావుతీగ గుండా ప్రవహించి, పాయింట్లు అను చిన్న మీట గుండా ఎర్తునకు పోవును. ప్రవాహము నాలుగు ఆంపియర్లకు మించదు. ఆ సమయమున ఇనుములో అయస్కాంత శక్తి నిండుకొనును. ఇంతవరకు రవ్వ లేదు. రవ్వ పుట్టునది ప్రవాహము మొదలైనప్పుడు కాదు, తెగినప్పుడు. వడిగా పోవుచున్న ఎడ్లబండి చటుక్కున ఆగినచో లోపలివారు ముందుకు తూలిపడుదురు గదా! అట్లే పాయింట్లు విడిపోగానే ప్రవాహము ఆగును, అయస్కాంత శక్తి కుప్పకూలును, ఆ తూలుపాటు సన్నతీగలో పదివేలు మొదలు ఇరువదివేల వోల్టుల వరకు ఒత్తిడిని లేపును.

ఇందొక చిక్కున్నది. ఆ తూలుపాటు లావుతీగలో కూడ రెండు మూడు వందల వోల్టులు పుట్టించును. అప్పుడే విడిపోవుచున్న పాయింట్ల నడుమ ఖాళీ ఇంకను బహు స్వల్పము. విద్యుత్తు ఆ సందులోనే మెరుపై దూకినచో ప్రవాహము చటుక్కున తెగదు, ప్లగ్గు వద్ద రవ్వ నీరసించును, పాయింట్లు కాలిపోవును. దీనిని నివారించుటకే పాయింట్ల ప్రక్కన బొటనవ్రేలంత కండెన్సరును అమర్చిరి. వరదనీటిని పట్టుకొనుటకు కాలువ ప్రక్కన త్రవ్విన కుంటవలె అది ఆ పోటును ఒక క్షణము తనలో ఇముడ్చుకొనును. ఆలోగా పాయింట్లు తగినంత దూరము జరుగును. ఇంత చిన్న భాగమును ఎవరును లెక్కచేయరు. నా దృష్టిలో ఈ ఏర్పాటులో మిక్కిలి గౌరవింపదగినది అదియే. పాయింట్లు పదేపదే నల్లబడి గుంటలు పడుచున్నచో పాయింట్లను నిందించుట మాని కండెన్సరును మార్చవలెను.

పుట్టిన పెద్ద ఒత్తిడి మందపు తీగ గుండా డిస్ట్రిబ్యూటరు మూత నడిమికి వచ్చి, అక్కడి కార్బను బ్రష్షు నుండి రోటరు అను తిరుగుడు చేతికి చేరును. రోటరు వంతులవారీగా నాలుగు ప్లగ్గుల తీగలకు దానిని పంచిపెట్టును. అంబాసిడరులో ఈ వంతు ఒకటి, మూడు, నాలుగు, రెండు. తీగలను విప్పినవారు గుర్తు పెట్టుకొనక తారుమారు చేసి, పిమ్మట ఇంజను తుపాకివలె ప్రేలినదని వాపోవుట వింతకాదు. నిమిషమునకు 3000 తిప్పులు తిరుగు నాలుగు సిలిండర్ల ఇంజనుకు నిమిషమునకు 6000 రవ్వలు, అనగా సెకండుకు నూరు రవ్వలు కావలెను. ఒక్కొక్క రవ్వకు కాయిలు నిండి, తెగి, మరల నిండుటకు చిక్కు వ్యవధి సెకండులో నూరవ వంతు. రేడియోలో మీరు వినునది ఈ లెక్కనే.

రవ్వ పుట్టిన చాలదు, వేళకు పుట్టవలెను. పెట్రోలు ఆవిరి అంటుకొని పూర్తిగా మండుటకు సుమారు రెండు మిల్లీసెకండ్లు పట్టును. పొంగు కనబడిన తరువాత మంట తగ్గించిన పాలు నేలపాలగునని ఎరిగిన గృహిణి ముందే చేయి చాచును. ఇంజనును అట్లే పిస్టను పైకి చేరకముందే రవ్వను కోరును. 3000 తిప్పుల వేగమున ఆ రెండు మిల్లీసెకండ్లలో ఇంజను 36 డిగ్రీలు తిరుగును. నిలుకడగా 800 తిప్పులు తిరుగునప్పుడు పది డిగ్రీలకు లోపే. కావున వేగముతోపాటు రవ్వ ముందుకు జరుగవలెను. డిస్ట్రిబ్యూటరు అడుగున చిన్న స్ప్రింగులతో కట్టిన రెండు బరువులు వేగము హెచ్చినప్పుడు విచ్చుకొని ఈ పని చేయును. స్ప్రింగు ఊడినను, బరువులు తుప్పుపట్టి బిగిసినను కారు నడచును గాని ఎత్తు ఎక్కలేదు.

పాయింట్ల ఎడమును సరిచూచుట ఈ విద్యలో ముఖ్యము. అంబాసిడరువంటి బండ్లకు అది 0.35 మొదలు 0.40 మిల్లీమీటర్లు. ప్లగ్గు ఎడము 0.64 మిల్లీమీటర్ల ప్రాంతమున. కొలుచుటకు ఫీలర్ గేజి ఉన్నది. లేనివారికి ఒక ఉపాయమున్నది. రెండు ప్రక్కల పదునున్న మామూలు గడ్డపు బ్లేడు మందము మిల్లీమీటరులో పదవ వంతు. నాలుగు బ్లేడులు కలిపి పెట్టిన 0.4 వచ్చును. నూనె తుడిచి, వ్రేళ్ళు కోసికొనకుండ పట్టుకొనవలెను. పాయింట్ల మీట మడమ పీచుపలకతో చేసినది. కామ్‌పై రాచుకొని అది అరుగుచుండును. అరిగినకొలది ఎడము తగ్గును, రవ్వ ఆలస్యమగును. కారు ముసలిదైనదని జనులు చెప్పుకొను నీరసములో సగము ఈ మడమ అరుగుడే. కొత్త పాయింట్లు వేసినప్పుడు కామ్‌పై బియ్యపుగింజంత గ్రీజు రాచినచో మడమ ఎక్కువ కాలము నిలుచును. మించి రాచినచో అది చింది పాయింట్లపై పడి పనిని చెరుచును.

ఇక కారు ఆగినప్పుడు ఏమి చేయవలెను? మొదట గేరు తీసి, చేతిబ్రేకు వేయవలెను. సెల్ఫ్ గట్టిగా తిరుగుచున్నదా, దీపములు మసకబారుచున్నవా అని చూచిన బాటరీ సంగతి తేలును. పిమ్మట కాయిలు నడిమి తీగను డిస్ట్రిబ్యూటరు మూతనుండి ఊడదీసి, రబ్బరు తొడుగున్న పట్టకారుతో పట్టుకొని, దాని కొసను ఇంజను లోహమునకు ఆరు మిల్లీమీటర్ల దూరములో నిలిపి, మరియొకరిచేత సెల్ఫ్ కొట్టింపవలెను. టపటపమని నీలిరంగు రవ్వ దూకినచో కాయిలు, పాయింట్లు, కండెన్సరు క్షేమము. దోషము మూతలోనో, రోటరులోనో, తీగలలోనో, ప్లగ్గులలోనో ఉన్నది. పసుపుపచ్చగా, పలుచగా దూకినచో కండెన్సరును, పాయింట్లను అనుమానింపవలెను. అసలు దూకనిచో బాటరీ నుండి పాయింట్ల వరకు గల మార్గమును వెదకవలెను.

ఆ వెదకుటకు ఖరీదైన పరికరమక్కరలేదు. 12 వోల్టుల చిన్న బల్బు, రెండు తీగలు చాలును. ఒక తీగను ఎర్తుకు, రెండవదానిని కాయిలునుండి డిస్ట్రిబ్యూటరుకు పోవు కొసకు తగిలించి, తాళము వేసి, ఇంజనును తిప్పించవలెను. బల్బు మినుకుమినుకుమన్నచో పాయింట్లు మూసికొని తెరచుకొనుచున్నవి. ఎడతెగక వెలుగుచున్నచో పాయింట్లు కలియుట లేదు. మసి పట్టియుండును, లేదా లోపలి చిన్న తీగ తెగియుండును. అసలు వెలుగనిచో బల్బును కాయిలు రెండవ కొసకు, అనగా తాళమునుండి వచ్చు కొసకు మార్చవలెను. అక్కడను వెలుగనిచో విద్యుత్తు కాయిలు దాకా రానేలేదు; తాళమును, తీగలను చూడవలెను. అక్కడ వెలిగినచో డిస్ట్రిబ్యూటరుకు పోవు తీగను కాయిలు వద్ద విప్పి, ఆ కొసను మరల పరీక్షింపవలెను. ఇప్పుడు వెలిగినచో కాయిలు లావుతీగ మంచిదే. పాయింట్లు తెరచుకొనుటయే లేదు, లేదా కండెన్సరు లోపల ఎర్తు అయినది. అప్పటికిని వెలుగనిచో కాయిలు తెగినది. నాలుగు ప్రశ్నలలో దోషము తన చిరునామా తానే చెప్పును. ఆ ఉదయము మూడు గంటలు పట్టిన పని ఇట్లు చూచిన పది నిమిషములలో తేలియుండెడిది.

మా కారు విషయమున దోషము మూతలో ఉండెను. బేకలైటు మూతలో వెంట్రుకవాసి పగులు ఒకటి ఉండి, అందులో చెమ్మ, కార్బను ధూళి చేరినవి. వేల వోల్టుల ఒత్తిడికి అట్టి చెమ్మగీత రాజమార్గము. విద్యుత్తు ప్లగ్గు దాకా పోవ శ్రమపడక అక్కడనే ఎర్తునకు జారిపోయెను. చీకటిలో బానెట్ ఎత్తి చూచినచో ఇట్టి పగుళ్ళ వెంట నీలి మెరుపులు ప్రాకుట కంటికి కనబడును. తుడిచినచో తాత్కాలికముగా నడచును. పగిలిన మూతను మార్చుట తప్పదు.

వేసవిలో మరియొక మాయ కలదు. బయలుదేరిన అరగంటకు కారు ఆగును, చల్లబడగానే ఏమియు ఎరుగనట్లు అంటుకొనును. పెట్రోలు గొట్టములో ఆవిరి పట్టుట ఒక కారణము కావచ్చును. వేడికి కాయిలులోని తీగ విడిపోవుట, కండెన్సరు చెడుట కూడ కావచ్చును. చల్లబడువరకు వేచినచో సాక్ష్యము నశించును. ఆగిన తక్షణమే రవ్వను పరీక్షింపవలెను. రవ్వ గట్టిగా ఉన్నచో నేరము పెట్రోలుది.

ప్లగ్గును విప్పి ఇంజనుపై ఆనించి రవ్వ చూచుట చాలమందికి తెలిసినదే. బయట రవ్వ వచ్చినంత మాత్రమున ప్లగ్గు మంచిదనరాదు. సిలిండరులో ఒత్తుకొన్న ఆవిరిని దాటుటకు బయటి గాలికంటె రెండు మూడింతల వోల్టులు కావలెను. ప్లగ్గు కొన రంగు మేలైన సాక్షి. లేత గోధుమవన్నె ఆరోగ్యము. పొడి మసి పట్టినచో పెట్రోలు ఎక్కువ, నూనెతో తడిసినచో ఇంజను అరుగుడు, సున్నమువలె తెలుపెక్కినచో మితిమీరిన వేడి.

ఈ పనిలో కొన్ని జాగ్రత్తలు విధిగా పాటింపవలెను. పెట్రోలు వాసన వచ్చుచున్నచోట రవ్వను పరీక్షింపరాదు. విప్పిన ప్లగ్గు రంధ్రము దగ్గర అసలే కూడదు. తీగను వట్టి చేతితో పట్టరాదు. ఆ దెబ్బకు చేయి ఉలికిపడి తిరుగుచున్న ఫ్యానులో పడుట పెద్ద ప్రమాదము. గుండెకు పేస్‌మేకరు అమర్చినవారు ఈ పరీక్షకు దూరముగా ఉండవలెను. ఇంజను తిరుగకుండ తాళము చాలసేపు వేసి ఉంచినచో, పాయింట్లు మూసియున్నప్పుడు, కాయిలు వేడెక్కి చెడును.

చివరకు మరల రేడియో మాట. చిటపటలను అణచుటకు ప్లగ్గుల మార్గములో నిరోధకములు, లేదా కార్బను పోగుల తీగలు వాడుదురు. రవ్వ బలము తగ్గకుండగనే అవి తరంగముల అల్లరిని తగ్గించును. ఈ తీగలను పట్టి లాగరాదు; లోపలి పోగు తెగును. కొసనున్న రబ్బరు తొడుగును పట్టియే ఊడదీయవలెను. ఎఫ్.ఎం. ప్రసారములపై ఈ అల్లరి అంతగా సాగకపోవుటకు కారణము, తరంగపు ఎత్తులోని మార్పులను ఆ గ్రాహకము పట్టించుకొనకపోవుటయే.

ఆ అల్లరినే పనికి పెట్టుకొనవచ్చును. చిన్న ట్రాన్సిస్టరు రేడియోను మధ్యతరంగములలో ఏ కేంద్రమును లేని చోట నిలిపి, ఇంజను నిలుకడగా తిరుగుచుండగా బానెట్ దగ్గర పట్టినచో రవ్వల వరుస వినబడును. ఆ రొద సమముగా సాగక మధ్యమధ్య తడబడుచున్నచో పాయింట్లను, కాయిలును ఒకసారి చూడవలెను. ఇది పరీక్ష కాదు, సూచన మాత్రమే. ప్లగ్గు చెడినను రవ్వ వేరొకచోట దూకి రేడియోను మోసగింపవచ్చును.

మా మామగారి కన్ను ఇప్పుడు బాగుగా ఉన్నది. కారు డాష్‌బోర్డు అరలో ఒక పొడి తువాలు, ఒక బల్బు, రెండు తీగలు, కాగితములో చుట్టిన నాలుగు బ్లేడులు ఉన్నవి. వానకాలము రాగానే ఆయన నాకు ఫోను చేసి, “అల్లుడుగారూ, మూత తుడిచారా?” అని అడుగుచుందురు.